గొట్టాలు, తీగలు, ఒక థర్మోస్టాట్

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటుందట, మెకానికల్‌లో మాస్టర్స్ అయిపోవచ్చిందట. "అంకుల్, మీరు చర్చిల్లో వాయించే పైప్ ఆర్గాన్లు బాగుచేసేవారని విన్నాను. నాకు అలాంటి షాప్‌లోనే ఆఫర్ వచ్చింది. చేరమంటారా?" అని అడిగింది.

నేను పద్నాలుగేళ్లు చేసిన పనిలోకి ఒక తెలుగు మనిషి కావాలని రావడం అప్పటిదాకా వినలేదు. నేనైతే కావాలని రాలేదు. ఎవరో తోసేస్తే వచ్చి ఇందులో పడ్డాను. "ఇంట్లో కనుక్కుని చెప్తానమ్మా," అన్నాను. ఇంట్లో కనుక్కుంటే మా ఆవిడ రాజ్యం, "చేరమనండి. కాకపోతే మీరు చేసిన ఘనకార్యాలు ముందే చెప్పండి. పిల్ల జాగ్రత్త పడుతుంది," అంది.

అందుకని కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. దాచడానికి కాదు, అవి రాలేదు. రిపోర్టులు, ఫారాలు ఎలా నింపాలో కూడా చెప్పను. అవి ఎవరైనా నేర్పుతారు. నేర్పనివి కొన్ని ఉన్నాయి, అవి చెప్తాను.

గాలి నుంచి గాలికి

2001 దాకా నేను డెట్రాయిట్ దగ్గర కార్ల ఏసీలకి గాలి గొట్టాలు డిజైన్ చేసే ఇంజనీర్ని. ఆ ఏడాది కంపెనీ నా గాలి తీసేసింది. వయసు నలభై ఎనిమిది. తెలిసినవాళ్లంతా జావా నేర్చుకోమన్నారు. నేను దాన్ని నేర్చుకుందామని వెళ్లాను కానీ దానికి నా మీద ఇష్టం కలగలేదు. అలాంటి సమయంలో లోకల్ పేపర్లో చిన్న ప్రకటన చూశాను: గాలి, గొట్టాలు, చెక్కపని తెలిసిన మనిషి కావాలి. మూడింట్లో రెండు తెలుసు కదా అని వెళ్లాను. మన భాషలో ఎవరినైనా తీసిపారేయాలంటే "వాడో గొట్టంగాడు" అంటాం. ఆ రోజు నుంచి నేను అక్షరాలా అదే.

ఫంక్షన్లలో జరిగే సంభాషణ ఇలా ఉండేది.

"ఏం చేస్తుంటారండీ?"

"ఆర్గాన్ టెక్నీషియన్ని."

"అబ్బో! ఏ హాస్పిటల్? కిడ్నీయా, లివరా?"

మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. తర్వాత "ఊపిరితిత్తులు" అని ఊరుకునేవాణ్ణి. పెద్ద అబద్ధం కూడా కాదు. తిత్తుల్లోంచి గాలి గొట్టాల్లోకి సరిగ్గా వెళ్తోందో లేదో చూడడమే కదా పని.

మా షాప్ ఓనర్ వాల్ట్‌కి అప్పటికే డెబ్బై దగ్గర పడుతున్నాయి. నా పేరు మూర్తి అని మూడు రోజులు చెప్పాను. నాలుగో రోజుకి నేనే మర్ఫీ అయిపోయాను. మాట పొదుపు మనిషి. మెచ్చుకోవాలంటే ఏమీ అనడు, తిట్టాలంటే పేరు పెట్టి పిలుస్తాడు. ఆ లెక్కన నా పేరు చాలాసార్లు వినిపించేది.

నెక్స్ట్

చర్చిలో ముందువైపు మెరుస్తూ కనిపించే గొట్టాలు ఎక్కువగా షోకుకి పెట్టినవి. అసలు సరుకు వాటి వెనక గదిలో ఉంటుంది. పెన్సిలంత గొట్టం నుంచి రెండంతస్తుల ఎత్తు గొట్టం దాకా, వెయ్యికి పైనే. ఒక్కో గొట్టం ఒక్క స్వరమే పలుకుతుంది. రెండో స్వరం కావాలంటే రెండో గొట్టం.

శ్రుతి చేయడానికి ఇద్దరు కావాలి. ఒకరు బయట కూర్చుని హార్మోనియం మెట్ల లాంటి మెట్లు ఒక్కొక్కటే నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు లోపల గొట్టాల మధ్య ఒంటికాలి మీద నిలబడి, గొట్టం పైన ఉండే రేకు పట్టీని చిన్న కత్తితో కాస్త పైకో కాస్త కిందికో తట్టాలి. రెండు గొట్టాలకి శ్రుతి కలవకపోతే "వా-వా-వా" అని ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. కలుస్తున్నకొద్దీ ఆ కొట్లాట నెమ్మదించి చివరికి ఆగిపోతుంది. ఆగగానే లోపలివాడు "నెక్స్ట్!" అని అరుస్తాడు. బయటివారు పక్క మెట్టు నొక్కుతారు. రోజుకి కొన్ని వందల నెక్స్ట్‌లు. ఒకసారి ఇంట్లో చారు అవగానే అలవాటు కొద్దీ "నెక్స్ట్" అన్నాను. ఆ పూట పెరుగు రాలేదు.

మొదటి వారంలో ఒక గొట్టాన్ని ఆరుసార్లు సరిచేశాను. సరిచేస్తాను, పక్కదానికి వెళ్తాను, తిరిగి వచ్చేసరికి అది మళ్లీ తప్పుతుంది. వాల్ట్ తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

"మర్ఫీ, చెయ్యి తియ్యి."

"ఏ చెయ్యి?"

"గొట్టాన్ని పట్టుకున్నది. నీ వేడికి దాని శ్రుతి పెరుగుతుంది. నువ్వు సరిచేస్తున్నది గొట్టాన్ని కాదు, నీ అరచేతిని."

ఈ పనిలో ఉన్న సైన్సంతా దాదాపు అంతే. గాలి వేడెక్కితే గొట్టం శ్రుతి పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. అందుకే ఆర్గాన్‌ని ఏ వేడిలో వాయిస్తారో ఆ వేడిలోనే శ్రుతి చేయాలి. మిషిగన్ చలికాలంలో చాలా చర్చిలు వారమంతా హీట్ తగ్గించి పెట్టి, ఆదివారానికి పెంచుతాయి. కాబట్టి ట్యూనర్ వెళ్లగానే పనిముట్ల సంచి విప్పకముందే హీట్ పెట్టించాలి, బిల్డింగ్ వేడెక్కేదాకా గంటల తరబడి ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడం కూడా పనిలో భాగమేనని వాల్ట్ చెప్పేవాడు. ఇంజనీర్లకి అది చేతకాదని కూడా చెప్పేవాడు. ఇదంతా నోట్‌బుక్‌లో శుభ్రంగా రాసుకున్నాను. రాసుకున్నాక మర్చిపోవడానికి నాకు అభ్యంతరం ఉండదు.

మెట్లు పట్టే మనిషి మోకాళ్లు అరిగి మానేస్తే, వాల్ట్ మా ఆవిడని పిలిచాడు. రాజ్యం పెళ్లికి ముందు తొమ్మిదేళ్లు వీణ నేర్చుకుంది. మొదటిరోజే గొడవ. నేను ఇంకా రేకు తడుతుండగానే పక్క మెట్టు నొక్కేసింది.

"నేను నెక్స్ట్ అనలేదు!" అని లోపలి నుంచి అరిచాను.

"కలిసిపోయిందిగా! ఇంకా తడితే చెడుతుంది."

వాల్ట్‌కి తెలుగు రాదు. కానీ సంగతి అర్థమైనట్టుంది. "ఇంతకీ మీ ఇద్దరిలో ట్యూనర్ ఎవరు?" అన్నాడు. జీతం కాగితాల మీద నా పేరే ఉండేది.

తీగలవాళ్లు

ఆర్గాన్ అనగానే అందరికీ గోడలు అదిరే మోత గుర్తొస్తుంది. నాకు నచ్చినది అది కాదు. రెండు వయొలిన్లు, కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటి చెల్లో ఒకటి, వాటితో ఆర్గాన్ కలిసి వాయించే పాత చాంబర్ సంగీతం ఒకటి ఉంది. అందులో ఆర్గాన్ తన గొంతంతా వాడదు. నాలుగైదు మెత్తటి గొట్టాల వరసలతో, భారీ మనిషి చిన్న గదిలో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నట్టు, తీగల పక్కన ఒద్దికగా ఉంటుంది. వినడానికి బాగుంటుంది. కొన్నిసార్లు మరీ బాగుండి నిద్రపోయాను కూడా.

ఇందులో ఒక మర్యాద ఉంది. మొదట ఆర్గాన్ ఒక స్వరం ఇస్తుంది. ముగ్గురూ తలలు వంచి, బిరడాలు తిప్పి, తమ తీగల్ని దానికి కలుపుకుంటారు. అది తగ్గదు, వీళ్లే తగ్గాలి. లేదా పెరగాలి. ముగ్గురు తీగలవాళ్లకి నాలుగు అభిప్రాయాలుంటాయి కానీ ఆ ఒక్క నిమిషం మాత్రం నోరెత్తరు. ఎందుకంటే తీగని సాగదీయొచ్చు, గొట్టాన్ని అప్పటికప్పుడు ఏం చేస్తారు? అయితే తీగ సాగడానికీ ఒక హద్దుంది. ఆ హద్దు ఎక్కడుందో కనిపెట్టినవాణ్ణి నేనే.

ఫర్వాలేదండి

నేను చేరిన నాలుగో చలికాలం అది. నోవైకి పడమరగా ముప్పావు గంట డ్రైవ్ చేస్తే ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో ఒక ఇటుకల చర్చి. అక్కడి ఆర్గానిస్ట్ హెలెన్‌కి డెబ్బై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క ఆర్గానే వాయిస్తోంది. కమిటీ చైర్మన్ బ్రూస్‌కి ప్లంబింగ్ సామాన్ల షాపు. గొట్టాల గురించి ఆయనకి తెలియనిది లేదు, మా గొట్టాల గురించి తప్ప. పాత ఆర్గాన్ తీసేసి, స్పీకర్లతో పనిచేసే ఎలక్ట్రానిక్‌ది పెడదామని రెండేళ్లుగా పట్టుబడుతున్నాడు. హెలెన్ చివరికి ఒక బేరం పెట్టింది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తను, ముగ్గురు తీగలవాళ్లు కలిసి కచేరీ చేస్తారు. కమిటీ అంతా విని, ఆ సాయంత్రమే ఓటు వేయాలి. ఉంచడమో తీసేయడమో, ఇక మళ్లీ ఆ మాట ఎత్తకూడదు.

"మర్ఫీ, ఆదివారం నా వేళ్లు తప్పినా ఫర్వాలేదు, ముసలిదని క్షమిస్తారు," అంది నాతో. "అది తప్పకూడదు. అది పోతే నేను స్పీకర్ల ముందు కూర్చోలేను. ఇంటికి వెళ్లిపోతాను."

సరిగ్గా అప్పుడే వాల్ట్ తుంటి ఆపరేషన్‌కి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ చెప్పినది రెండు ముక్కలు. హీట్ పెట్టించు. ఎక్కడైనా చిన్న తేడాలుంటే సర్దు. పూట పని.

మంగళవారం పొద్దున నేనూ రాజ్యం వెళ్లాం. లోపల ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో యాభై ఐదు డిగ్రీలు, ముక్కుల్లోంచి పొగలొస్తున్నాయి. చర్చి బిల్డింగ్ చూసుకునే లియొన్ ఎదురొచ్చాడు. గ్యాస్ తన జేబులోంచి కాలుతున్నట్టు బాధపడే మనిషి.

"హీట్ పెంచమంటావా?" అన్నాడు.

"అయ్యో, వద్దు వద్దు. మీకెందుకు శ్రమ," అన్నాను.

రాజ్యం వెనక నుంచి నా కోటు లాగింది. "అడిగాడు కదా, ఔననండి."

"మొదటిసారికే ఔనంటే ఏం బాగుంటుంది? ఇంకోసారి అడుగుతాడులే."

లియొన్ తలూపి వెళ్లిపోయాడు. మన ఇళ్లల్లో కాఫీ కావాలా అంటే వద్దంటాం. భలేవారే, తీసుకోండి అంటే అబ్బే అంటాం. మూడోసారికి గ్లాసు చేతిలో ఉంటుంది. వీళ్లు ఒక్కసారే అడుగుతారు. వద్దంటే వద్దనే అనుకుంటారు. అన్న మాట అన్నట్టే నమ్మే దేశంలో ఇరవై ఏళ్లున్నా నాకు ఆ సంగతి ఒంటబట్టలేదు. వద్దన్నవాణ్ణి మళ్లీ వెళ్లి కావాలని ఎలా అడగడం? మొహం చెల్లలేదు.

ఆ వారమే కొత్త మీటర్ కొన్నాను. స్వరం వినిపిస్తే అంకె చూపిస్తుంది. హెలెన్ ఆర్గాన్ ఇవ్వాల్సిన స్వరం 440 దగ్గర ఉండాలి. మీటర్ 434 చూపించింది. ఇంకో మెట్టు, ఇంకో మెట్టు, అన్నీ అంతే తక్కువ. నిజానికి ఆ ఆర్గాన్ సలక్షణంగా ఉంది. డెబ్బై డిగ్రీల్లో సరిగ్గా 440 పలుకుతుంది, చలికి ముడుచుకుంది అంతే. నాకు మాత్రం ఇన్నేళ్లూ వాల్ట్ మొత్తం తప్పుగా చేశాడని, నేను దాన్ని పట్టేశానని అనిపించింది. ఆపరేషన్ నుంచి వచ్చాక చూసి ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆ అంచనా ఒక్కటే తప్పలేదు.

"ఇంత చలిలో చేసిన శ్రుతి నిలుస్తుందా?" అని రాజ్యం అప్పుడే అడిగింది. "వీణైనా గది మారితే మళ్లీ చూసుకోవాలి."

"మీటర్ చెప్తోంది, రాజ్యం."

"మీటర్‌కి చలి వేయదు."

పూట పనిని మూడు రోజులు చేశాం. వెయ్యికి పైగా గొట్టాలకి ఒక్కొక్కదాని రేకూ తట్టి 440 లెక్కకి ఎక్కించాను. గురువారం సాయంత్రం మీటర్ మీద అన్నీ దీపాల్లా పచ్చగా వెలిగాయి. నా జీవితంలో అంత జాగ్రత్తగా, అంత ఓర్పుగా, అంత పొరపాటుగా ఏ పనీ చేయలేదు.

శనివారం

మధ్యాహ్నం హెలెన్ ఫోన్ చేసింది. "మర్ఫీ, దానికేదో అయింది. నువ్వు రావాలి." గొంతు మామూలుగా లేదు.

మేం వెళ్లేసరికి రిహార్సల్ ఆగిపోయి ఉంది. లోపల హాయిగా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం తగలగానే నాకు సంగతి తెలిసిపోయింది. గోడ మీద థర్మోస్టాట్ డెబ్బై చూపిస్తోంది. యాభై ఐదులో 440 అయినది డెబ్బైలో 446 దాటి కూర్చుంది. శ్రుతి మించింది అంటాం చూడండి, అది.

మొదటి వయొలిన్ ఆవిడ తెగిన సన్నతీగ చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. "దీనికి కలపాలని ఎంత లాగాలో అంతా లాగాను. ఇక లాగను. ఈ వయొలిన్ నాకంటే నూరేళ్లు పెద్దది," అంది. చెల్లో ఆయన తన వాయిద్యాన్ని అప్పుడే పెట్టెలో పెట్టేశాడు. ముందు వరసలో బ్రూస్ కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కుర్చీలు సర్దించడానికి వచ్చి, ఇదంతా విన్నాడు.

"నేనేం అనడం లేదు, హెలెన్," అన్నాడు. "అదే అంటోంది."

హెలెన్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని మెట్ల వంక చూస్తోంది.

ఏదో పరీక్ష చేస్తున్నవాడిలా గొట్టాల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. రాజ్యం వెనకే వచ్చింది. అక్కడి నుంచే వాల్ట్‌కి ఫోన్ చేశాను. మంచం మీద ఉన్నాడు.

"చలిలో చేశావా?" అన్నాడు, నేను రెండు మాటలు చెప్పేసరికి.

"చేశాను."

"ఎన్ని గొట్టాలు?"

"అన్నీ."

"మర్ఫీ," అన్నాడు. ఇంకోసారి, "మర్ఫీ," అన్నాడు. "రేపటిలోగా వెనక్కి దించలేవు. కానీ ఆమెకి ఇవాళే చెప్పు. ఇవాళ చెప్తే తప్పు ఒప్పుకున్నట్టు. సోమవారం చెప్తే సాకు చెప్పినట్టు." పెట్టేశాడు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆ గదిలో నిలబడ్డప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన మంచిది కాదు. అక్కడున్నవాళ్లలో ఎవరికీ ఏమీ తెలియదు. ఆర్గాన్ పాతది, అందరూ ముందే అనుకుంటున్నారు. నేను బయటికి వెళ్లి తల అడ్డంగా ఊపి, "చాలా పాతదండీ," అంటే చాలు.

"చాలా పాతది అనుకుంటారులే," అన్నాను పైకే.

"అదేగా ఆయనకి కావలసింది," అంది రాజ్యం. "మీరు చేసినదానికి దాన్ని పంపించేస్తారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? నా ఇంగ్లీష్‌లో చెప్తే ఇంకా ఘోరంగా ఉంటుంది."

బయటికి వచ్చి చెప్పాను. హీట్ వద్దన్నది, మీటర్ కొన్నది, మూడు రోజులు తట్టినది, అన్నీ. "ఆర్గాన్‌లో లోపం లేదు, నాలో ఉంది," అన్నాను. వయొలిన్ ఆవిడ నన్ను చూసిన చూపుకి ఇంకో తీగ తెగుతుందేమో అనిపించింది.

హెలెన్ మాత్రం తిట్టలేదు. పని మనిషిలా ఒక్కటే ప్రశ్న వేసింది. "ఇప్పుడు అది ఎంత వేడిలో సరిగ్గా ఉంటుంది?"

"యాభై ఐదు."

"అయితే యాభై ఐదులోనే వాయిద్దాం. లియొన్, హీట్ ఆపెయ్."

"ముప్పై ఏళ్లుగా ఈ మాట కోసం చూస్తున్నాను," అన్నాడు లియొన్, అప్పటికే సగం దూరం నడిచి.

"మరి నా వేళ్లు?" అంది వయొలిన్ ఆవిడ.

"నాకూ వేళ్లున్నాయి. నీ వయొలిన్ అంత కాకపోయినా, నీకంటే పాతవి." హెలెన్ నా వైపు తిరిగింది. "రేపు జనానికి నువ్వే చెప్పాలి, మర్ఫీ. ముందు నిలబడి. వాళ్లు కోట్లు ఎందుకు విప్పకూడదో."

కోట్లతో కచేరీ

ఆదివారం బయట మంచు పడుతోంది. నూట ఇరవై మంది వచ్చారు. అలవాటుగా కోట్లు విప్పబోయి, ఆగి, మళ్లీ తొడుక్కుని, ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. నేను ముందుకెళ్లి నిలబడ్డాను.

"నా పేరు మూర్తి. ఈ ఆర్గాన్ ట్యూనర్ని. మీరు వణకడానికి కారణం నేను," అని మొదలుపెట్టాను. చలిలో చేసిన పని చలిలోనే పలుకుతుందని చెప్పాను. దయచేసి కోట్లు విప్పవద్దని, వీలైతే ఊపిరి కూడా కాస్త తక్కువ తీసుకోమని అడిగాను. వెనక ఎవరో నవ్వారు.

బ్రూస్ నవ్వలేదు. కూర్చున్నచోటు నుంచే, "తప్పు నీదంటున్నావు. బాగానే ఉంది. కానీ ఆర్గాన్ బాగుందని మాకెలా తెలుస్తుంది?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. హెలెన్ వెనక్కి తిరక్కుండానే ఒక స్వరం నొక్కి పట్టుకుంది. ముగ్గురూ తలలు వంచి బిరడాలు తిప్పుకున్నారు. ఈసారి ఏ తీగా తెగలేదు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. నూట ఇరవై మంది ఒంటివేడి అంటే చిన్న కొలిమి. మొదటి భాగం అయ్యేసరికి యాభై తొమ్మిది దాటింది. మేం దానికి ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాం. రాజ్యం మధ్య వరసలో చెవి పెట్టుకుని కూర్చుంది. శ్రుతి పాకుతున్నట్టు అనిపిస్తే వేలెత్తుతుంది. నేను పక్క గోడ దగ్గర థర్మామీటర్‌తో ఉంటాను. లియొన్ పెద్ద తలుపు దగ్గర. ఒక భాగం అయి చప్పట్లు మొదలవగానే నేను చెయ్యూపుతాను. లియొన్ తలుపు బార్లా తెరుస్తాడు. మంచుతో సహా గాలి లోపలికి వస్తుంది. జనం హాహాకారాలు చేస్తారు, చప్పట్లు ఆపుతారు, లియొన్ తలుపు మూస్తాడు. ఇంత గొప్ప సంగీతానికి అంత పొట్టి చప్పట్లు ఎక్కడా పడి ఉండవు. ప్రతిసారీ నా థర్మామీటర్ కదలకముందే రాజ్యం వేలు లేచేది.

ఎలా వాయించారో చెప్పడం నా పని కాదు. ఒక్కటే చెప్తాను. మూడో భాగం నెమ్మదైనది. హెలెన్ అతి మెత్తటి గొట్టాల వరస ఒక్కటే ఉంచింది. చెల్లో దాని పక్కన నడుస్తోంది. నలుగురి నోళ్ల ముందూ తెల్లటి ఆవిరి ఒకే లయలో లేస్తోంది. ఎక్కడ గొట్టం ఆగి ఎక్కడ తీగ మొదలైందో నాకు తెలియలేదు. రాజ్యం వైపు చూశాను. వేలు ఒళ్లోనే ఉంది. బ్రూస్ టోపీ చెవుల మీదికి లాక్కుని ఉన్నవాడు, ఒక చెవి మీది నుంచి తీశాడు.

రెండు తీర్మానాలు

ఆ వారమే షాప్‌కి కమిటీ ఉత్తరం వచ్చింది. వాల్ట్ కుర్చీలో కూర్చుని చదివి నాకిచ్చాడు. తీర్మానాలు రెండు. మొదటిది, పైప్ ఆర్గాన్‌ని ఉంచడం, మూడు ఓట్ల తేడాతో. రెండోది, ట్యూనింగ్ పని ఇంకో షాప్‌కి ఇవ్వడం, ఏకగ్రీవంగా. కమిటీలో హెలెన్ కూడా ఉంది, అంటే తనూ ఓటేసిందన్నమాట.

"ఆ కమిటీలో నేనున్నా నిన్ను తీసేసేవాణ్ణే," అన్నాడు వాల్ట్. ఉత్తరం వెనక్కి తీసుకుని రెండోసారి చదివాడు. "కానీ ఆర్గాన్ ఉంది. పోయింది మనం. ఇది తారుమారు కాలేదు, అది చాలు." నన్ను తీసేయలేదు. అందుకు కారణం ఇప్పటికీ చెప్పలేదు, ఇక చెప్పడు కూడా. ఆయన పోయి చాలాకాలమైంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగేది ఇదొక్కటి. మన తప్పు మాట్లాడదు, ఆర్గానే మాట్లాడుతుంది. అది తప్పుగా పలికితే జనం దాన్నే తప్పుపడతారు. దానికి తన తరఫున చెప్పుకునే నోరు లేదు, ఉన్న వెయ్యి నోళ్లూ మనం తట్టినట్టే పలుకుతాయి. మిగతావన్నీ, రేకు తట్టడం, తిత్తులకి తోలు అంటించడం, గొట్టాల్లో చేరిన గబ్బిలాల్ని నొప్పించకుండా సాగనంపడం, రెండేళ్లలో వచ్చేస్తాయి.

కొత్త ట్యూనర్ మార్చి మొదట్లో పని మొదలుపెట్టాడు. ఆయన దగ్గర మెట్లు పట్టే మనిషి లేదు. హెలెన్ ఫోన్ చేసింది. నాకు కాదు, రాజ్యానికి. రాజ్యం అప్పటికి మంచులో డ్రైవ్ చేసేది కాదు. అందుకని మూడు రోజులు నేనే తీసుకెళ్లాను. లోపలికి వెళ్లే ముఖం లేదు కాబట్టి పార్కింగ్ లాట్‌లో కార్‌లో కూర్చున్నాను.

అద్దం కాస్త దించితే వినిపించేది. నేను ఎక్కించిన ప్రతి స్వరమూ దిగుతోంది. కాసేపు కొట్లాట, నెమ్మదించడం, ఆగడం. ఎవరో కొత్త గొంతు నెక్స్ట్ అనడం. కొన్నిసార్లు ఆ గొంతు లేవకముందే పక్క మెట్టు మోగడం. వెయ్యికి పైగా తప్పులు, ఒక్కోటీ విన్నాను. చెవులు గడ్డకట్టాయి కానీ అద్దం ఎత్తబుద్ధి కాలేదు.

మూడో రోజు సాయంత్రం నెక్స్ట్‌లు ఆగిపోయాయి. కాసేపటికి హెలెన్ వాయించడం వినిపించింది. ఇంకాస్త అయ్యాక రాజ్యం మంచులో జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి, కార్ ఎక్కి, సీట్ బెల్ట్ పెట్టుకుంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"మీరు చేసినట్టు లేదు," అంది. "బాగుంది. పదండి."